ఆండీ వార్‌హోల్: తరచుగా అడిగే ప్రశ్నలు

సూప్ డబ్బాలూ సినిమా తారల ముఖాలూ బొమ్మలుగా చేసిన అమెరికా చిత్రకారుడు వార్‌హోల్. అతని బొమ్మ చూడగానే చాలామంది అడిగేది "ఇందులో ఏముంది, ఇది నేనూ వేస్తాగా?" అని. ఆ తర్వాత "ఇతను మనతో ఆటలాడుతున్నాడా?" అని. రెండూ న్యాయమైన సందేహాలే. కింది జవాబుల్లో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంటర్వ్యూల్లో అతను చెప్పినదాన్ని కాస్త పక్కన పెట్టి, చేసిన పని, తీసుకున్న డబ్బు, దాచిన కాగితం చూశాం. చెప్పినదానికీ చేసినదానికీ చాలాచోట్ల పొంతన ఉండదు.

అసలు పేరేంటి? పుట్టుకతోనే అమెరికావాడా?

అసలు పేరు ఆండ్రూ వార్హోలా. 1928 ఆగస్టు 6న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు ఇప్పటి స్లొవాకియాలో ఉన్న మికోవా అనే పల్లె నుంచి వలస వచ్చిన రుసిన్ జాతివాళ్లు. ఇంట్లో మాట్లాడేది రుసిన్ భాషే. తండ్రి కాయకష్టం చేసేవాడు, 1942లో చనిపోయాడు. తల్లి జూలియా ఖాళీ డబ్బాల రేకు కత్తిరించి పువ్వులు చేసి ఇంటింటికీ తిరిగి అమ్మేది. తర్వాత కొడుకుకి పేరు తెచ్చింది కూడా డబ్బాలే కాబట్టి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

చిన్నప్పుడు కాళ్లూ చేతులూ వాటంతటవే అదిరిపోయే కొరియా (chorea) అనే నరాల జబ్బు వచ్చి కొన్నాళ్లు మంచాన పడ్డాడు. అప్పటి కాలక్షేపం సినిమా తారల ఫోటోలు, కామిక్స్, కత్తెర, రంగులు. ఆదివారం బైజాంటైన్ కాథలిక్ చర్చి. అక్కడ పీఠం ముందు తెరలా నిలబెట్టిన గోడ మీద పునీతుల పటాలు వరసలు వరసలుగా ఉంటాయి, చాలావాటి వెనక బంగారు రంగు. 1962లో బంగారు రంగు మధ్యలో ఒంటరిగా పెట్టిన మార్లిన్ మన్రో ముఖం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మేం ముందు ఈ గోడనే చూపిస్తాం.

పేరు రాకముందు ఏం చేసేవాడు?

చెప్పుల బొమ్మలు వేసేవాడు. 1949లో కార్నెగీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డిగ్రీ అవగానే న్యూయార్క్ వెళ్లి పత్రికలకూ ప్రకటనలకూ బొమ్మలు గీశాడు. 1955 నుంచి ఐ. మిల్లర్ చెప్పుల కంపెనీ ప్రకటనలతో ఆ రంగంలో బాగా సంపాదించాడు. అప్పటి అతని గీత తెగుతూ, అక్కడక్కడ సిరా చుక్కలు కడుతూ ఉంటుంది. అది చెయ్యి వణుకు కాదు, ఒక కిటుకు. మీరూ చేసి చూడొచ్చు.

సిరా పీల్చని నున్నటి కాగితం ఒకటి, కాస్త మందం డ్రాయింగ్ కాగితం ఒకటి తీసుకోండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి, పుస్తకంలా మడతపడేలా మధ్య అంచు టేపుతో అతికించండి. నున్నటిదాని మీద పెన్సిల్‌తో బొమ్మ వేయండి. నిబ్బు కలంతో రెండు అంగుళాల గీత వరకే సిరా పెట్టి, ఆరకముందే మడిచి వేలితో నొక్కండి. తెరిచి, తర్వాతి రెండు అంగుళాలు. ఒకేసారి ఎక్కువ గీశారా, నొక్కేలోపు మొదలు ఆరిపోతుంది. సిరా ఎక్కువైతే గీత కాస్తా మచ్చ అవుతుంది. బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది కాబట్టి అక్షరాలుంటే ముందే తిరగేసి రాసుకోవాలి.

మొదటి కాగితం అలాగే ఉంటుంది గనుక అదే బొమ్మ మళ్లీ మళ్లీ దించుకోవచ్చు. చూడటానికి అచ్చం చేతిపని, లోపల నకలు యంత్రం. 1950ల్లోనే ఇది అతని చేతిలో ఉంది. అక్షరాలు చాలాసార్లు జూలియా చేత రాయించేవాడు. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. దొర్లిన తప్పులు దిద్దకుండా అలాగే ఉంచేవాడు.

సూప్ డబ్బాల బొమ్మలు ప్రింటు వేసినవే కదా?

కాదు. మాకు అందరికంటే ఎక్కువ ఎదురయ్యే పొరపాటు ఇదే. 1962 జులైలో లాస్ ఏంజెలెస్ ఫెరస్ గ్యాలరీలో పెట్టిన 32 క్యాంబెల్ సూప్ డబ్బాలు చేత్తో వేసినవి. ఒక్కో కాన్వాసు 20 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు. ఆకారం పెన్సిల్‌తో దించి, లోపల రంగు నింపాడు. డబ్బా అడుగున వరసగా ఉండే పువ్వు గుర్తులు మాత్రం చేత్తో ముద్ర కొట్టాడు. దగ్గరికెళ్లి ఆ వరస చూస్తే కొన్ని పువ్వులు కాస్త పక్కకు ఒరిగి, కొన్ని సగం అంటి ఉంటాయి.

ఆ కంపెనీ అప్పుడు అమ్ముతున్న రకాలు 32, అందుకే అన్ని బొమ్మలు. గ్యాలరీలో వాటిని కిరాణా కొట్టులోలా సన్నటి బల్ల మీద వరసగా నిలబెట్టారు. ఒక్కోటి 100 డాలర్లు. అయిదారు మాత్రం కొంటామన్నారు. పొరుగు గ్యాలరీవాళ్లు వేళాకోళంగా నిజం డబ్బాలు పేర్చి, మా దగ్గర చవక అన్నారు. గ్యాలరీ నడిపే అర్వింగ్ బ్లమ్ ఈ బొమ్మలు విడిపోకూడదని, కొంటామన్నవాళ్లను ఒప్పించి వెనక్కి తీసుకున్నాడు. మొత్తం 1,000 డాలర్లకు, నెలకు 100 చొప్పున వాయిదాల్లో తనే కొన్నాడు. 1996లో అవి న్యూయార్క్ మోమా మ్యూజియం చేతికి వచ్చాయి, విలువ సుమారు కోటిన్నర డాలర్లు.

మార్లిన్ బొమ్మలు సరిగ్గా ఎలా చేశాడు?

ఇది సిల్క్ స్క్రీన్. ఫ్రేముకు బిగించిన జాలి గుడ్డలో బొమ్మ ఉన్నచోటే రంధ్రాలు తెరిచి ఉంచి, అందులోంచి ఇంకు దించే పద్ధతి. మన ఊళ్లలో శుభలేఖలూ, స్టిక్కర్లూ, గుడ్డ సంచుల మీద షాపు పేర్లూ వేసే స్క్రీన్ ప్రింటింగే. మార్లిన్ 1962 ఆగస్టు 5 ప్రాంతంలో చనిపోయింది. వార్‌హోల్ సరిగ్గా ఆ నెలలోనే ఫోటో స్క్రీన్లు మొదలుపెట్టాడు. ఆమె 1953 నాటి సినిమా ప్రచార ఫోటో ఒకటి తీసుకుని, మెడ కింద భాగం కత్తిరించి, ఎంత సైజు కావాలో రాసి స్క్రీన్లు చేసే దుకాణానికి పంపాడు. స్క్రీన్ అతను చేయలేదు, తయారై వచ్చింది.

జనం అనుకునే వరస "ముందు ఫోటో ప్రింటు, తర్వాత రంగులు". జరిగింది దానికి తలకిందులు. ముందు కాన్వాసు మీద ముఖం, జుట్టు, కనురెప్పలు, పెదవులు, చొక్కా కాలరు ఎక్కడ వస్తాయో తేలిగ్గా గుర్తులు పెట్టుకుని, ఆ చోట్లలో చదునుగా రంగులు పూశాడు. అప్పటికి అది ముఖంలా ఉండదు, రంగు ముక్కలు మాత్రమే. ఆరాక కాన్వాసును నేల మీద పరిచి, పైన స్క్రీన్ పెట్టి, ఒక అంచున నల్ల ఇంకు పోసి, స్క్వీజీతో (రబ్బరు అంచున్న పలకతో) ఈ చివరి నుంచి ఆ చివరికి లాగాడు. స్క్రీన్ ఎత్తగానే ముఖం ప్రత్యక్షం.

అసలు రుచి ఇక్కడే ఉంది. కింద రంగు ఒక చోట, పైన నలుపు పావు అంగుళం పక్కన. పెదవుల ఎరుపు పెదవులు దాటి బయటికొస్తుంది, కంటి మీద నీలం కనుబొమ్మను తాకుతుంది. లండన్ టేట్ మ్యూజియంలో ఉన్న జంట కాన్వాసు చూడండి. 50 ముఖాలు, ఎడమ సగం రంగుల్లో, కుడి సగం నలుపు తెలుపుల్లో. కుడివైపు ఒక నిలువు వరసలో ఇంకు ముద్దకట్టి ముఖం దాదాపు కప్పేసింది. ఆ పక్కన జాలి గుడ్డ పూడుకుపోయిందేమో, ముఖాలు పలచబడుతూ చివరికి బూడిదలా మిగిలాయి. శుభలేఖ అయితే ప్రింటింగ్ షాపువాడు చెత్తబుట్టలో వేసే కాపీలు అవి. అతను ఉంచేశాడు. చచ్చిపోయిన మనిషి ముఖం పత్రికల్లో అరిగిపోవడం అలాగే ఉంటుంది మరి.

ఇంట్లో చేసి చూడొచ్చా?

భేషుగ్గా. దగ్గర్లో స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్లుంటే ఏ4 సైజు పాజిటివ్ (పారదర్శక షీటు మీద నల్లగా ప్రింటు తీసిన బొమ్మ) ఇచ్చి స్క్రీన్ చేయించుకోండి. వార్‌హోల్ కూడా అలాగే చేయించుకున్నాడు కాబట్టి మోసం చేసినట్టేం కాదు.

ఫోటో మీరు తీసిందే వాడండి, కారణం కింద కోర్టు కేసులో ఉంది. ఫోటోను నలుపు తెలుపు చేసి, కాంట్రాస్ట్ బాగా పెంచి, అంగుళానికి 25 వరసల చుక్కలుగా మార్చి పారదర్శక షీటు మీద ప్రింటు తీయండి. షీటును వెలుగుకు పెడితే నలుపులోంచి వెలుతురు రాకూడదు. వస్తుంటే రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టండి. జాలి గుడ్డ అంగుళానికి 110 పోగులది సరిపోతుంది. చుక్కల వరసలకు నాలుగైదు రెట్లు పోగులుండాలన్నది లెక్క.

స్క్రీన్ కూడా మీరే చేసుకుంటే, ఎమల్షన్ (వెలుగు తగిలితే గట్టిపడే పూత) జాలికి రెండు వైపులా పలచగా పూసి చీకటిగదిలో పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత పాజిటివ్‌ను దాని మీద పెట్టి వెలుగు చూపించి, నీళ్లతో కడగాలి. వెలుగు చూపించాల్సిన సమయం దీపాన్ని బట్టి మారుతుంది. అందుకే ముందు ఒక అంచు మీద అట్టముక్క జరుపుతూ 20 సెకన్లకో మెట్టు చొప్పున పరీక్ష చేసుకోండి. నీళ్లు కొట్టినప్పుడు ఎమల్షన్ మొత్తం ఊడిపోతే వెలుగు చాలలేదని. బొమ్మ తెరుచుకోకపోతే వెలుగు ఎక్కువైందని, లేదా పాజిటివ్ నలుపు చాలలేదని.

ముద్ర వేసేటప్పుడు స్క్రీన్‌కీ కాగితానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. నాలుగు మూలలా రెండేసి రూపాయి బిళ్లలు పెడితే చాలు. స్క్వీజీ కాస్త నిటారుగా, 60 డిగ్రీల వంపున పట్టి, మధ్యలో ఆపకుండా ఒకే లాగు లాగండి. బాగా పడుకోబెడితే ఇంకు ఎక్కువ దిగి అంచులు చెదురుతాయి. నీటి ఇంకు రెండు మూడు నిమిషాలు ఊరుకుంటే జాలిలోనే ఎండిపోతుంది. కాబట్టి ప్రతి ముద్ర తర్వాత స్క్రీన్ మీద ఇంకు పలచగా పరిచి ఉంచండి, తడిగుడ్డ పక్కనే పెట్టుకోండి.

పెద్ద సైజైతే రెండో మనిషి కావాలి. ఒకరు ఫ్రేము కదలకుండా పట్టుకోవాలి.

అయితే బొమ్మలు వేసింది అసిస్టెంట్లేనా?

అసిస్టెంట్లు ఉన్నారు, పక్కన అతనూ ఉన్నాడు. 1963 జూన్‌లో జెరార్డ్ మలాంగా అనే కుర్ర కవిని గంటకు డాలరుంపావుకు పెట్టుకున్నాడు. మలాంగాకు అంతకుముందే బట్టల మీద స్క్రీన్ ప్రింటింగ్ అలవాటు. స్క్వీజీ ఈ పక్క నుంచి ఒకరు లాగితే ఆ పక్క ఇంకొకరు అందుకునేవాళ్లు. యంత్రంలా ఉండాలని ఉందని వార్‌హోల్ అదే ఏడాది ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు. నిజం యంత్రమైతే 50 ముఖాలూ ఒకేలా వచ్చేవి.

అతని ఇంటర్వ్యూలు నమ్మొచ్చా?

1967లో కాలేజీలు ఉపన్యాసాలకు పిలిస్తే, అలెన్ మిడ్జెట్ అనే నటుడి జుట్టుకు వెండి రంగు కొట్టి తన బదులు పంపాడు. కొన్నాళ్లకు గుట్టు రట్టయింది. ఇంతకంటే ఏం చెప్పగలం?

ఫ్యాక్టరీ అంటే నిజంగా ఫ్యాక్టరీయా?

స్టూడియోకు పెట్టుకున్న పేరు. 1964 మొదట్లో మాన్‌హాటన్ తూర్పు 47వ వీధి 231 నంబరులో మొదలైంది. బిల్లీ నేమ్ అనే సహచరుడు గోడలకు వెండి రంగు, రేకు కాగితం అంటించాడు. తలుపు తీసే ఉండేది. కవులు, సంగీతకారులు, మత్తుమందుల వాళ్లు, డబ్బున్న పిల్లలు అందరూ వచ్చిపోయేవాళ్లు. అదే ఏడాది డొరోతీ పాడ్‌బర్ అనే ఆమె వచ్చి బొమ్మల్ని "షూట్" చెయ్యొచ్చా అని అడిగింది. ఫోటో అనుకుని సరేనన్నాడు. ఆమె పిస్తోలు తీసి పేర్చి ఉన్న మార్లిన్ కాన్వాసుల మీద కాల్చింది. ఆ వరసలో ఒకటి, 40 అంగుళాల చదరం, 2022 మేలో సుమారు 19.5 కోట్ల డాలర్లకు వేలంలో పోయింది.

అతన్నే కాల్చింది ఎవరు?

వాలరీ సొలానాస్ అనే రచయిత్రి, 1968 జూన్ 3న. అప్పటికి స్టూడియో యూనియన్ స్క్వేర్‌కు మారింది. ఒక్క తూటా ఊపిరితిత్తులు, కడుపు, కాలేయం, ప్లీహం అన్నిటినీ చీల్చింది. గంటల తరబడి ఆపరేషన్ చేసి బతికించారు. బతికినన్నాళ్లూ పొట్టకు బిగుతు పట్టీ కట్టుకునే తిరిగాడు. తెరిచిన తలుపు ఆ రోజుతో మూసుకుంది.

ఇతరుల ఫోటోలు, డిజైన్లు వాడుకోవడం దొంగతనం కాదా?

ఇక్కడ అతన్ని వెనకేసుకురావడం మా వల్ల కాదు. 1964లో చెక్కపెట్టెల మీద బ్రిల్లో సబ్బుపీచు డబ్బా డిజైను ముద్రించి గ్యాలరీలో పేర్చాడు. ఆర్థర్ డాంటో అనే తత్వవేత్త అవి చూసి, కొట్లోని పెట్టె కళ కాకుండా ఇది కళ ఎలా అయిందని జీవితాంతం ఆలోచించాడు. ఆ డబ్బా డిజైను వేసింది జేమ్స్ హార్వే. ఆయన కూడా చిత్రకారుడే, పూటగడవడానికి డిజైన్లు చేసేవాడు. పేరూ డబ్బూ ఆయనకు దక్కలేదు. అదే ఏడాది పూల బొమ్మలకు వాడిన ఫోటో ప్యాట్రీషియా కాల్‌ఫీల్డ్ తీసింది. ఆమె దావా వేసింది, రాజీ కుదిరింది. ఆ తర్వాత అతను తనే పోలరాయిడ్‌తో (అప్పటికప్పుడే ఫోటో బయటికిచ్చే కెమెరాతో) ఫోటోలు తీసుకోవడం పెరిగింది.

పెద్ద తీర్పు అతను పోయాక వచ్చింది. లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో గాయకుడు ప్రిన్స్ ఫోటో తీసింది. 1984లో ఒక పత్రిక ఒక్కసారి వాడుకోవడానికి ఆమెకు 400 డాలర్లు ఇచ్చి, ఆ ఫోటో మీద వార్‌హోల్ చేత బొమ్మ వేయించింది. అతను ఒకటితో ఆపకుండా 16 చేశాడు. 2016లో ప్రిన్స్ చనిపోయినప్పుడు వాటిలో ఒకదాన్ని అచ్చువేయడానికి, అతని బొమ్మల హక్కులున్న వార్‌హోల్ ఫౌండేషన్‌కు సుమారు 10 వేల డాలర్లు ముట్టాయి, గోల్డ్‌స్మిత్‌కు పైసా రాలేదు. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాడకం వరకు ఆమెదే న్యాయమని 7–2తో తేల్చింది.

డబ్బు మనిషేనా?

దాచుకోలేదు కూడా. 1970ల్లో 40 అంగుళాల చదరం చిత్తరువుకు 25 వేల డాలర్లు. కూర్చున్నవాళ్ల ముఖానికి తెల్లటి మేకప్ వేసి ముడతలు మాయం చేసి, బిగ్ షాట్ అనే పోలరాయిడ్‌తో డజన్లకొద్దీ ఫోటోలు తీసేవాడు. దాని ఫోకస్ మారదు, మనిషి మీటరు దూరంలో ఉండాలి. కాబట్టి తీసేవాడే ముందుకీ వెనక్కీ అడుగులు వెయ్యాలి. ఎంచిన ఫోటోను పెద్దది చేయించి, ఆ ఫిల్ము మీద రెండో గడ్డాన్ని కత్తెరతో కత్తిరించేసేవాడు. 1976 నుంచి పొద్దున్నే ప్యాట్ హాకెట్ అనే సహాయకురాలికి ఫోన్‌లో ముందురోజు సంగతులు టాక్సీ చార్జీలతో సహా చెప్పేవాడు. అది పన్నులవాళ్లకు చూపించే ఖర్చుల లెక్కగా మొదలై డైరీ అయింది.

భక్తుడని కూడా అంటారు, నిజమా?

నిజం. గే అని పదిమందికీ తెలిసిన మనిషి, రాత్రి విందులకు ఊరంతా తిరిగిన మనిషి, వీలైనప్పుడల్లా చర్చికి వెళ్లి వెనక బల్లలో కాసేపు కూర్చునేవాడు. పండుగ రోజుల్లో ఒక చర్చిలో ఇల్లూవాకిలీ లేనివాళ్లకు భోజనం వడ్డించేవాడు. చాలామందికి ఇది 1987 ఏప్రిల్ 1న సంస్మరణ సభలో కళా చరిత్రకారుడు జాన్ రిచర్డ్‌సన్ చెప్పాకే తెలిసింది. ఆఖరి పెద్ద పని లియొనార్డో చివరి విందు మీద చేసిన బొమ్మలు. 1987 జనవరిలో మిలాన్‌లో, అసలు చిత్రం ఉన్న చోటికి రోడ్డు అవతలే పెట్టారు. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 22న, పిత్తాశయం ఆపరేషన్ తర్వాత 58 ఏళ్లకే చనిపోయాడు. ఆసుపత్రులంటే భయంతో ఆ ఆపరేషన్ ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చాడు.

రోలింగ్ స్టోన్స్ రికార్డు కవరు మీద జిప్పు పెట్టింది ఇతనేనా?

1971 ఆల్బమ్ కవరుకు నిజం జిప్పు పెట్టాలన్న ఆలోచన అతనిది. తయారీలో గొడవ వచ్చింది. కట్టలు ఒకదాని మీద ఒకటి పెట్టి లారీల్లో పంపేసరికి జిప్పు పిడి పక్క రికార్డులో గుచ్చుకుని పాట మీద సొట్ట పడేది. చివరికి జిప్పును సగం దాకా కిందికి లాగి పంపారు. అప్పుడు పిడి మధ్యలోని లేబుల్ మీద ఆనేది, పాటకు హాని లేదు. 1967 నాటి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బ్యాండు రికార్డు కవరు మీద అరటిపండు తొక్క ఊడే స్టిక్కరు. మీకెక్కడైనా దొరికితే పీకకండి, పీకనిదానికే ధర.

ఎనిమిది గంటల సినిమా ఏంటి?

1964 జులైలో ఎంపైర్ స్టేట్ భవనాన్ని రాత్రిపూట గంటల తరబడి కదలని కెమెరాతో తీశాడు. సెకనుకు 24 ఫ్రేములతో తీసి 16తో ఆడించడం వల్ల ఒకటిన్నర రెట్లు సాగింది. మధ్యలో లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు.

నా దగ్గర మార్లిన్ ప్రింటు ఉంది. అసలుదేనా?

ముందు వెనక్కి తిప్పండి. 1967లో అతని పర్యవేక్షణలో వచ్చినవి 10 ప్రింట్ల సెట్లు, 250. ఒక్కోటి 36 అంగుళాల చదరం, వెనక పెన్సిల్ సంతకం, రబ్బరు ముద్రతో నంబరు. వెనక "మీ సంతకం మీరే పెట్టుకోండి" అనే అర్థంలో ఇంగ్లీషు ముద్ర ఉంటే అది సండే బి. మార్నింగ్ పేరుతో 1970 నుంచి వచ్చినది. దానికీ ధర ఉంది గానీ ఆ స్థాయి కాదు.

అసలుదని ముద్ర వేసే బోర్డు ఇప్పుడు లేదు. ఫౌండేషన్ దాన్ని 2012లో మూసేసింది. ఉన్నప్పుడు, కాదనుకున్న కాన్వాసుల వెనక "డినైడ్" అని ఎర్ర సిరాతో గుద్దేవాళ్లు. పెట్టెల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1990లో, అతను పోయిన మూడేళ్లకు, స్వీడన్‌లో వందకు పైగా బ్రిల్లో పెట్టెలు తయారై 1968 నాటివిగా చలామణీ అయ్యాయి. ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి వచ్చిందో కాగితాలు లేకుండా కొనకండి.

పిట్స్‌బర్గ్ వెళ్తే ఏం చూడాలి?

పెన్ హిల్స్ వెంకన్న దర్శనానికి వెళ్లే తెలుగువాళ్లు అదే ఊళ్లో శాండస్కీ వీధిలో ఉన్న వార్‌హోల్ మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. ఏడంతస్తులు. లిఫ్టులో పైకెళ్లి కిందికి దిగుతూ చూస్తే జీవితం వరసగా వస్తుంది. టైమ్ క్యాప్సూళ్లు మాత్రం వదలకండి. 1974లో స్టూడియో మారేటప్పుడు మొదలుపెట్టి, బల్ల పక్కన ఒక అట్టపెట్టె ఉంచుకుని ఉత్తరాలు, బిల్లులు, ఆహ్వానాలు, ఫోటోలు అందులో పడేసేవాడు. నిండగానే టేపు వేసి తేదీ రాసి గోదాముకు. మొత్తం 610. కేకు ముక్క, ఎండిన మమ్మీ పాదం కూడా వాటిలో బయటపడ్డాయి. తన గురించి చెప్పడానికి ఏమీ లేదన్నట్టు మాట్లాడిన మనిషి విద్యుత్ బిల్లు కూడా పారెయ్యలేదు.

సమాధి ఊరికి దక్షిణాన బెతెల్ పార్క్‌లో, అమ్మానాన్నల పక్కనే. వచ్చినవాళ్లు సూప్ డబ్బాలు పెట్టి వెళ్తుంటారు. 2013లో అతని 85వ పుట్టినరోజుకు మ్యూజియంవాళ్లు అక్కడ వెబ్ కెమెరా పెట్టి, సమాధిని ఇరవైనాలుగు గంటలూ ప్రత్యక్ష ప్రసారం చేయడం మొదలుపెట్టారు. చాలాసేపటి వరకు గడ్డి తప్ప ఏమీ కదలదు.